మూల రంగులు ఏవి?

ప్రశ్న: మా పాప ఎరుపు, నీలం వాటర్ కలర్లు కలిపితే వంకాయ రంగుకు బదులు మట్టిరంగు వస్తోంది. బడిలో మూల రంగులు ఎరుపు, పసుపు, నీలం అన్నారు. ప్రింటింగ్ ప్రెస్‌లో వేరే చెబుతున్నారు. ఏది సరి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాప తప్పేమీ లేదండీ. మూడు అనే లెక్క వెలుగులో లేదు, మన కంట్లో ఉంది. రెటీనాలోని (కంటి వెనక పొరలోని) మూడు రకాల శంకు కణాలు, అంటే రంగును గుర్తించే కణాలు, సుమారు 420, 534, 564 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. వాటిని వీలైనంత విడివిడిగా కదిలించడానికే టీవీలో, ఫోన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు. ఫోన్‌లో పసుపుకొమ్ము ఫొటో పెట్టి, తెర మీద చిన్న నీటిచుక్క వేసి చూడండి. వెలిగేవి ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చ గళ్లే. పసుపు వెలుగు అసలు ఉండదు!

పెయింటు దారి వేరు, అది వెలుగును మింగుతుంది. మిరపపండు ఎరుపు నీలాన్నీ ఆకుపచ్చనీ మింగేస్తే, నీలం పెయింటు ఎరుపును మింగేస్తుంది. ఇక మిగిలేదేముంది? బడి లెక్క పాతకాలపు చిత్రకారుల అలవాటు. ప్రెస్ వాళ్ల సయాన్ (ఆకుపచ్చ కలిసిన లేతనీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపే మేలు. మెజెంటా ప్రధానంగా ఆకుపచ్చనే ఆపుతుంది. ఆ ట్యూబు కొనివ్వండి. మూడు పాళ్ల మెజెంటాకు ఒక పాలు సయాన్, అదీ చుక్కచుక్కగా. ఎక్కువైతే నీలంలోకి జారిపోతుంది.