గెలుపు అక్కరలేని యుద్ధం

ప్రశ్న: జార్జి ఆర్వెల్ 1949లో వెలువరించిన 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' నవల చదివాను. అందులోని మూడు మహారాజ్యాలూ ఏళ్ల తరబడి పోరాడుతున్నా ఏదీ గెలవదు, ఏదీ ఓడదు. వాటి సిద్ధాంతాలు అంత విరుద్ధమైనవా? ఇటువంటి యుద్ధం వల్ల పాలకులకు ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: సిద్ధాంతాలు విరుద్ధమైనవి కావు. పేర్లు వేరే గానీ మూడు చోట్లా పాలన తీరు ఒక్కటే. ఆ సంగతి బయటపడకుండా ఉండేందుకే, అవతలి రాజ్యపు భావాలను జనం ద్వేషించాలే తప్ప తెలుసుకోకూడదు.

ఇక ఒరిగేదేమిటన్నది. యంత్రాలు వచ్చాక అందరికీ తిండి, చదువు, తీరిక అందించగల సంపదను పుట్టించడం సాధ్యమైంది. అవి అమరిన మనిషి ఆలోచిస్తాడు, కొద్దిమంది పెత్తనం దేనికని నిలదీస్తాడు. కాబట్టి కర్మాగారాలు నడవాలి, సరుకు మాత్రం జనానికి చేరకూడదు. కొన్ని వందల సరుకు ఓడలు కట్టగలిగినంత శ్రమను సముద్రంలో తేలే ఒక సైనిక కోటకు ధారపోసి, కొన్నాళ్లకు దానిని పాతబడిందని తుక్కు చేసి, మళ్లీ మరొకటి మొదలుపెడతారు. ఆ యుద్ధం పరాయివాడి మీద కాదు, సొంత ప్రజల మీద.

మన జిల్లాలవారు ఆగి చదవవలసిన చోటు ఇంకొకటి ఉంది. టాంజియర్, బ్రజావిల్, డార్విన్, హాంకాంగ్ మూలలుగా ఉన్న ప్రాంతం కోసమే మూడు రాజ్యాలూ కొట్లాడుకుంటాయి. చవకగా దొరికే కూలీలున్న చోట్లలో దక్షిణ భారతం పేరు కూడా ఉంది. ఆర్వెల్ 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. మన తాతముత్తాతలు కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి, అక్కడి రేవుల్లో మూటలు మోసిన కాలమది.

అయితే నవలలో ఆ కూలీకి ముఖం లేదు. పైగా అతని శ్రమ ప్రపంచ సంపదకు ఏమీ జోడించదని, నవలలో రాజ్యానికి శత్రువుగా ముద్రపడిన గోల్డ్‌స్టీన్ పేరిట ఉన్న పుస్తకం తేల్చేస్తుంది. యుద్ధ సామగ్రికే ఖర్చవుతున్న శ్రమ గురించి అన్న మాట అది అనుకున్నా, నేను ఒప్పుకోలేను. 1942లో బర్మా జపాను చేతికి చిక్కి బియ్యం రాక ఆగిపోవడం, మరుసటి ఏటి బెంగాల్ కరవుకు ఒక కారణమైంది. ఆ బియ్యం ఆడించిన రంగం మిల్లుల్లో పనిచేసినవారిలో మనవారెందరో ఉన్నారు.