ఎడారిలో ఉమ్మడి పద్దు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా నాలుగెకరాల తోతాపురి తోటకు డ్రిప్పు బిగించడానికి వచ్చినాయన, ఈ పద్ధతి ఇజ్రాయెల్ ఎడారిలోని ఒక కిబ్బుట్జ్‌లో మొదలైందని చెప్పారు. కిబ్బుట్జ్ అంటే కంపెనీయా, ఊరా, సహకార సంఘమా? వాన పడని చోట వాళ్లు దేని మీద బతికారు? – ఒక మామిడి రైతు

జవాబు: మూడూ కొంతవరకు నిజమే. హీబ్రూలో ఆ మాటకు ‘కూడిక’ అని అర్థం. మొదటి కిబ్బుట్జ్ అయిన దెగానియా 1910లో ఏర్పడింది, అదీ ఎడారిలో కాదు, గలిలీ సరస్సు ఒడ్డున. అసలు పద్ధతి ప్రకారం పొలమూ పశువులూ యంత్రాలూ ఏ ఒక్కరి పేరా ఉండవు; పనిచేసిన సభ్యునికి జీతం ఉండదు; వచ్చిన ఆదాయమంతా ఒకే పద్దులో జమ అయి, తిండి, ఇల్లు, వైద్యం, పిల్లల చదువు ఆ పద్దులోంచే నడుస్తాయి. మన ఉమ్మడి కుటుంబంతో పోల్చవచ్చు గానీ, అక్కడ పెత్తనం చేసే ఇంటిపెద్ద లేడు, సభ్యులంతా కూర్చొని ఓటు వేసి తేల్చుకుంటారు.

దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారికి వీరు వెళ్లడానికి సేద్యం ఒక్కటే కారణం కాదు. 1943లో మూడు పరిశీలనా స్థావరాలు వెలిశాయి. 1946 అక్టోబరులో ఒకే రాత్రి పదకొండు శిబిరాలు వేశారు. అప్పటికింకా ఏర్పడని ఇజ్రాయెల్ దేశపటంలో నెగెవ్ తమ వైపు ఉండాలన్నది వీటి వెనుక ఉన్న రాజకీయ లెక్క. అది మనుషులు లేని నేల కూడా కాదు. తరతరాలుగా అక్కడ మేకలు, ఒంటెలు మేపుకుంటూ వాననీటి మీద బార్లీ పండించుకున్న బెదూయిన్ అరబ్బులలో అత్యధికులు 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత ఆ నేలకు దూరమయ్యారు. ఎడారిని పచ్చగా చేసిన కథలు చెప్పేవారు ఈ మాట తరచుగా దాటవేస్తారు.

ఆ పదకొండింటిలో ఒకటి బీర్‌షేబా పట్టణానికి దగ్గరలోని హత్జెరిమ్. అక్కడ ఏటా కురిసే వాన 200 మిల్లీమీటర్ల లోపే. మన చిత్తూరు జిల్లాలో కురిసేది 900కు అటూ ఇటూ. 1947లో ఉత్తరం నుంచి నెగెవ్‌కు తొలి గొట్టపుమార్గం వేసినప్పుడు, రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్‌లో బాంబుల మంటలార్పడానికి వాడిన గొట్టాలను కొని తెచ్చారు. ఆ మార్గాన్ని రూపొందించిన సిమ్‌ఖా బ్లాస్ అనే ఇంజినీరే తర్వాత బిందు సేద్యానికి ఆద్యుడయ్యాడు. నీరు వచ్చినా హత్జెరిమ్‌కు చిక్కు తీరలేదు, ఎందుకంటే ఆ నేలలో చవుడు ఎక్కువ. నీళ్లు పెట్టి ఉప్పు కడిగి, కడిగి, నేలను దారికి తెచ్చుకోవలసి వచ్చింది. నేలతో అంత అవస్థ పడ్డ ఊరు, సేద్యానికి తోడుగా ఒక పరిశ్రమ ఉండాలని వెతకడంలో ఆశ్చర్యం లేదు. బ్లాస్ అప్పటికే చుక్కచుక్కగా నీరు వదిలే పరికరం పట్టుకొని తయారీదారుల కోసం తిరుగుతున్నాడు. 1965లో ఆయనతో ఒప్పందం కుదిరి, నెటాఫిమ్ అనే డ్రిప్పు కంపెనీ పుట్టింది.

ఇక్కడే అసలు ఆర్థిక విశేషం ఉంది. కూలికి మనుషులను పెట్టుకోవడం కిబ్బుట్జ్ సిద్ధాంతానికి విరుద్ధం, ఎందుకంటే ఒకరి శ్రమ మీద మరొకరు లాభం తీయడమవుతుంది. డ్రిప్పుకు గిరాకీ పెరిగి సొంత చేతులు చాలకపోతే, కూలివారిని తేకుండా మగల్, యిఫ్తాఖ్ అనే మరో రెండు కిబ్బుట్జ్‌లకు తయారీలో వాటా ఇచ్చారు. ఆదాయాన్ని వదులుకుని నియమాన్ని నిలబెట్టుకున్న ఇటువంటి వ్యాపారం అరుదు. తర్వాతి కాలం వేరు: 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం మెక్సికో కంపెనీ ఒకటి నెటాఫిమ్‌లో 80 శాతం కొనగా, హత్జెరిమ్‌కు 20 శాతం మిగిలింది. నెగెవ్ తూర్పు అంచున ఉన్న అరావా లోయలోని కిబ్బుట్జ్‌ల పొలాలలో ఈనాడు థాయ్‌లాండ్ కూలీలు కూడా పనిచేస్తున్నారు.

ప్రశ్న: అంతా సమానమన్న పద్ధతి ఇప్పటికీ నడుస్తోందా? – ఒక విద్యార్థిని, పలమనేరు

జవాబు: చాలాచోట్ల నడవడం లేదు. 1980ల మొదట్లో ఇజ్రాయెల్‌లో ధరలు ఏటికేడు కొన్ని రెట్లు పెరుగుతుంటే, తీర్చే రోజుకు రూకకు విలువ ఉండదన్న ధైర్యంతో కిబ్బుట్జ్‌లు విరివిగా అప్పులు చేశాయి. 1985లో ప్రభుత్వం ధరలకు ఒక్కసారిగా పగ్గం వేయగానే అసలు కంటే వడ్డీ భారమైంది, తీర్చలేక బ్యాంకులతోనూ ప్రభుత్వంతోనూ 1989లో ఒడంబడికకు రావలసి వచ్చింది. పిల్లలను రాత్రిళ్లు తల్లిదండ్రుల దగ్గర కాక ఉమ్మడి పిల్లల ఇంట్లో పడుకోబెట్టే ఆచారం ఆ దశకంలోనే సడలిపోయింది. తర్వాత ఎక్కువ కిబ్బుట్జ్‌లు పనిని బట్టి వేర్వేరు జీతాలకు మారాయి.

ఎడారి కిబ్బుట్జ్‌లు మాత్రం పంటతో పాటు మరొకటి పట్టుకుని నెట్టుకొచ్చాయి. ఏడాదికి సుమారు 30 మిల్లీమీటర్ల వాన కురిసే అరావా లోయలో యోత్‌వతా కిబ్బుట్జ్ పాల డెయిరీ పేరు దేశమంతా తెలుసు. 1973లో ఏర్పడిన కెతూరా కిబ్బుట్జ్ ఉప్పునీటిని తట్టుకునే ఖర్జూరాలు పెంచింది, సూక్ష్మ శైవలాలను (కంటికి కనిపించనంత చిన్న నాచును) పండించింది, 2011లో 4.95 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం నెలకొల్పింది. నాకు తెలిసినంతలో ఎండనే పంటగా అమ్ముకోవడం కన్నా ఎడారికి తగిన వ్యాపారం లేదు.

ప్రశ్న: అటువంటి ఊరు మన జిల్లాలో సాధ్యమా? – ఒక ఉపాధ్యాయుడు, కుప్పం

జవాబు: మీ కుప్పంలోనే 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యాన్ని ప్రభుత్వం ప్రయోగించి చూసింది. పరికరాలు వచ్చాయి, ఉమ్మడి పద్దు రాలేదు. అది తెచ్చుకోగలిగినదీ కాదు. నన్నడిగితే, కిబ్బుట్జ్ కన్నా మనకు పనికివచ్చే విషయం వారి 1959 నాటి నీటి చట్టం. దాని ప్రకారం దేశంలోని నీరంతా ప్రజల ఆస్తి. తన పొలం కింద ఉన్నా సరే రైతు ఇష్టం వచ్చినంత తోడుకోలేడు, కేటాయించిన కోటా మేరకు మీటరు వేసి ఇస్తారు. మనకు 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది, బోరు వేయడానికి అనుమతి అవసరమైంది. కానీ వేసిన బోరు నుంచి ఏ రైతు ఎంత నీరు తోడాడో కొలిచే మీటరు మన పొలాల్లో లేదు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం గనుక బిల్లులోనూ అది తెలియదు. అందుకే ఒకే గట్టుకు ఇరువైపులా డ్రిప్పు ఉన్న ఇద్దరు రైతులు కూడా పోటీపడి బోరు లోతు చేసుకుంటూ పోతున్నారు.