కాకి, తాటిపండు, తప్పిపోయిన బస్సు

సందేహం: తిరుపతిలో చిత్తూరు బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది. విసుక్కుంటూ తర్వాతి బస్సు ఎక్కితే, పక్క సీటులో ముప్పై ఏళ్లుగా జాడ తెలియని నా హైస్కూలు స్నేహితురాలు! పూతలపట్టు దాటినా మా మాటలు తెగలేదు. 'కాకతాళీయంగా కలిశాం' అని ఇంట్లో చెబితే, మా అబ్బాయి 'కాదమ్మా, అది సెరండిపిటీ' అన్నాడు. ఎవరి మాట ఒప్పు? దానికి తెలుగు ఏమిటి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ మాటలో తప్పు లేదమ్మా. అయితే మీ అబ్బాయి పట్టుకున్న తేడా కూడా నిజమే.

కాకతాళీయంలో ఉన్నవి రెండే సంగతులు: కాకి రావడం, తాటిపండు రాలడం. ఒకదానికొకటి కారణం కాదు, ఒకే క్షణంలో జరిగాయంతే. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి ప్రకారం ఆ పండు మీద పడి కాకి చచ్చిపోయింది! అంటే పుట్టుకలో ఈ మాటకు సంతోషంతో సంబంధమే లేదు. అందుకే మేలుకూ కీడుకూ ఒకేలా వాడుతున్నాం.

సెరండిపిటీ అలా కాదు, అనుకోకుండా మేలు ఎదురైతేనే ఆ మాట వాడతారు. దాన్ని పుట్టించినవాడు హొరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత. సెరండిప్ రాకుమారులు ముగ్గురి కథను తలచుకుంటూ 1754 జనవరి 28న మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ మాట వాడాడు. ఆ ఉత్తరంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి. దారికి ఎడమవైపు గడ్డి నాసిరకం, అయినా మేత జరిగింది అటువైపే. కుడివైపు మంచి గడ్డి అలాగే ఉంది. దాన్నిబట్టి, ఆ దారిన వెళ్లిన కంచరగాడిదకు కుడికన్ను లేదని ఒక రాకుమారుడు గ్రహించాడు. వెతకనిది ఎదురుపడాలి, దాన్ని గుర్తించే చురుకూ ఉండాలి. ఆయన ఉద్దేశించిన అర్థం ఇది. 1928లో శాస్త్రవేత్త ఫ్లెమింగ్ తన ప్రయోగశాల పళ్లెంలో పట్టిన బూజును పారేయకుండా పరిశీలించాడు కాబట్టే పెన్సిలిన్ బయటపడింది.

సెరండిప్ అంటే మన పొరుగునున్న శ్రీలంకే. సింహళద్వీపం అరబ్బుల, పారశీకుల నోట సరందీబ్ అయిందని పండితులు చెబుతారు. మన దగ్గర దీవిగా మారిన ద్వీపమే అక్కడ దీబ్ అయింది. ఆంగ్లంలో చేరిన ఈ మాట వేరు మన ఇంటి పక్కదే కావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

ఇక తెలుగు. 'వెతకబోయిన తీగ కాలికి తగిలింది' ఇక్కడ కుదరదు, ఆ తీగను మనం వెతుకుతూనే ఉన్నాం కదా. మీ బస్సు సంగతికి 'రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు' చక్కగా అతుకుతుంది. చెడిందనుకున్నదే మేలైంది. వాక్యంలో వాడుకోవడానికైతే 'తలవని తలంపుగా' ఉంది. దానికి 'కలిసివచ్చింది' చేర్చితే, అనుకోకపోవడమూ మేలు జరగడమూ రెండూ పలుకుతాయి. వాల్పోల్ చెప్పిన చురుకు కూడా కావాలంటే 'కనిపెట్టు' అనే క్రియ ఉంది. కాచుకుని చూడటం, కొత్తది తెలుసుకోవడం రెండూ దాని అర్థాలే. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను తలవని తలంపుగా కనిపెట్టాడు అంటే లోటేమీ ఉండదు.

దీనికోసం కొత్తగా సంస్కృత సమాసం కట్టడం నాకు సమ్మతం కాదు. 'బస్సు తప్పిపోవడమే కలిసివచ్చింది, తలవని తలంపుగా స్నేహితురాలు దొరికింది' అని మీ అబ్బాయితో చెప్పండి.