క్లాసు ప్రాజెక్టుగా తీసే థ్రిల్లర్ సీను: పాట, తుపాకీ, కథ ఎవరివి?

సందేహం: మేం నలుగురం డిగ్రీలో మీడియా చదువుతున్నాం. సెమిస్టర్ ప్రాజెక్టుగా రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ తీసి ఇవ్వాలి. రాత్రివేళ ఒంటరిగా నడిచి వస్తున్న అమ్మాయి వెంట ముసుగు మనిషి పడతాడు. చివర్లో పోలీసు యూనిఫాంలో ఒకతను వచ్చి తుపాకీ తీస్తాడు. వెనకాల ఒక హిట్ సినిమా బీజీఎం పెడదామనుకున్నాం. ‘చదువు కోసమే కదా, ముప్ఫై సెకన్ల లోపు వాడుకుంటే ఎవరూ ఏమీ అనరు’ అని సీనియర్లు చెబుతున్నారు. తర్వాత యూట్యూబ్‌లో పెట్టాలని, ఫెస్టివల్స్‌కి పంపాలని మా ఆశ. ఇంతలో స్క్రిప్టు రాసిన మిత్రుడు వేరే గ్రూపులోకి వెళ్లిపోయాడు. కథ తనదట, తను లేకుండా తీయకూడదట. నటించే అమ్మాయికి పదిహేడేళ్లు. మేం ఏం చేయాలి?

సలహా: ముందు ఆ ముప్ఫై సెకన్ల సంగతి. అలాంటి నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. పది సెకన్లని కొందరు, ఏడు సెకన్లని ఇంకొందరు అంటుంటారు. అవీ లేవు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి గడియారంతో పని లేదు. ఆ కృతిలో (పాట, రచన, సినిమా ఏదైనా కావచ్చు) ముఖ్యమైన భాగాన్ని తీసుకున్నారా లేదా అన్నదే అది అడుగుతుంది. మొదటి నాలుగు స్వరాలు వినగానే ఏ సినిమాదో చెప్పేయగలిగిన మ్యూజిక్ అయితే, ఆ నాలుగు స్వరాలే ముఖ్యమైన భాగం కావచ్చు. మీరు దాన్ని ఎంచుకున్నది కూడా అందుకేగా.

ఇంకో మాట. ‘ఒరిజినల్ వాడం, మా ఫ్రెండ్ కీబోర్డు మీద వాయిస్తాడు’ అని నన్ను చాలామంది అడిగారు. రికార్డు చేసిన మ్యూజిక్‌లో కనీసం రెండు హక్కులుంటాయి. ఒకటి బాణీది: స్వరకర్త బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రెండోది ఆ రికార్డింగ్‌ది: విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. మీవాడు కొత్తగా వాయిస్తే రికార్డింగ్ గొడవ తప్పుతుంది గానీ బాణీ గొడవ అలాగే ఉంటుంది.

అయితే ‘చదువు కోసం’ అన్న మాటకు విలువే లేదా? ఉంది, గట్టి విలువే ఉంది. సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఒక కృతిని పునరుత్పత్తి చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి ఫొటోకాపీల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగా చదివింది. బోధన అంటే లెక్చరర్ బోర్డు ముందు నిలబడి ఉన్న గంట మాత్రమే కాదంది. దాని పక్కనే ఉన్న (జె) క్లాజు, విద్యాసంస్థ కార్యక్రమాల్లో సినిమా, సౌండ్ రికార్డింగ్ ప్రదర్శించుకోనిస్తుంది. షరతు ఒక్కటే. చూసేవాళ్లు అక్కడి సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు అయి ఉండాలి.

ఆ షరతు దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే ఉంది. మార్కుల కోసం లెక్చరర్‌కు ఇచ్చిన కాపీలో ఆ బీజీఎం ఉంటే, సమర్థించుకోవడానికి మీకు మంచి వాదన ఉంది. అదే ఫైలును యూట్యూబ్‌లో పెట్టిన నిమిషానికి, మీకూ మీ కాలేజీకీ ఏ సంబంధం లేనివాళ్లు చూస్తారు. ఫైలు మారలేదు, చూసేవాళ్లు మారారు, దాంతోపాటు మినహాయింపూ పోయింది. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. చట్టంలో సెక్షన్ 63 కింద జైలుశిక్ష కూడా ఉంది. లాభం కోసం చేయని సందర్భాల్లో తగ్గించే అధికారం కోర్టుకు ఉన్నా, ఆ సెక్షన్ మీద ఆశ పెట్టుకుని ఎవరూ సినిమా తీయకూడదు.

అందుకని నా సలహా: హిట్ బీజీఎం ఆలోచన మొదట్లోనే వదిలేయండి. తర్వాత మార్చుకుందాం అనుకుంటే కుదరదు, ఎడిటింగ్ అంతా ఆ తాళానికే కట్టుబడిపోతుంది. థ్రిల్లర్‌కు కావలసిన శబ్దాలు మీ చుట్టూనే ఉన్నాయి. ఖాళీ మెట్ల మీద చెప్పుల చప్పుడు, కారుతున్న కుళాయి, ట్యూబ్‌లైట్ గుయ్యిమనే మోత ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అవి పూర్తిగా మీవి. ఉచితంగా దొరికే క్రియేటివ్ కామన్స్ మ్యూజిక్ వాడదలిస్తే లైసెన్సు పేరు చివరిదాకా చదవండి. ‘నో డెరివేటివ్స్’ అని ఉంటే దృశ్యానికి కలపడానికి పనికిరాదు, సంగీతాన్ని కదిలే బొమ్మకు జతచేయడాన్ని ఆ లైసెన్సు మార్పుగానే లెక్కిస్తుంది. ‘నాన్ కమర్షియల్’ అని ఉంటే యాడ్స్ పెట్టి డబ్బు సంపాదించకూడదు. డౌన్‌లోడ్ చేసిన రోజే ఆ లైసెన్సు పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇక తుపాకీ, యూనిఫాం. నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నవి ఇవే.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. అచ్చం మీలాంటి విద్యార్థులే. నేను వెళ్లేసరికి ముగ్గురూ స్టేషన్ బెంచీ మీద తలలు వంచుకుని కూర్చున్నారు. బల్ల మీద వాళ్ల తుపాకీ ఉంది, ప్లాస్టిక్‌ది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. బొమ్మ అని తెలియడానికి గొట్టం చివర నారింజ రంగు మూత ఉంటుంది చూడండి, దాని మీద నల్ల మార్కర్ పూశారు. గోరు తగిలిన చోట అడుగున నారింజ రంగు కనిపిస్తోంది. కెమెరాను దూరంగా, చెట్టు చాటున పెట్టారు. ఎదురింటి బాల్కనీలో నిలబడ్డ ఆవిడకు కెమెరా కనిపించలేదు. కనిపించింది తుపాకీ, వినిపించింది అమ్మాయి అరుపు. ఆవిడ వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది, చేయవలసిన పనే చేసింది. కేసు కాలేదు గానీ, చీకట్లో ఆయుధం పట్టుకున్న మనిషిగా కనపడి పోలీసుల ఎదురుగా నిలబడిన ఆ పది సెకన్లలో ఏదైనా జరిగి ఉండేది. ఆ కుర్రాడు మాట్లాడలేక మాట్లాడలేక చెప్పింది ఆ పది సెకన్ల గురించే.

బొమ్మ తుపాకీతో నటించడం నేరం కాదు. కానీ దాన్ని చూసి జనం భయపడి పరుగులు తీస్తే, దారి ఆగిపోతే, భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) పబ్లిక్ న్యూసెన్స్ సెక్షన్లు ఉన్నాయి. యూనిఫాం విషయం ఇంకాస్త సూక్ష్మం. సంహితలోని సెక్షన్ 205 ప్రభుత్వోద్యోగుల దుస్తులు వేసుకోవడం గురించి చెబుతుంది. తనను నిజంగా ఆ ఉద్యోగి అనుకోవాలన్న ఉద్దేశం ఉన్నా, అలా అనుకునే అవకాశం ఉందని తెలిసినా నేరమే. ఆ రెండో మాట గమనించండి. మోసం చేయాలని మీకు ఉండదు. కానీ యూనిఫాంలో ఉన్న మీ నటుడు రెండు షాట్ల మధ్య టీ కోసం వీధి చివరకు నడిచి వెళ్తే, దారిన పోయేవాళ్లు అతన్ని నిజం పోలీసే అనుకుంటారు. ఆ సంగతి మీకు తెలియదని చెప్పడం కష్టం. కాబట్టి షాట్ అయిన వెంటనే మామూలు చొక్కా తొడగాలి. బ్యాడ్జి మీద అసలు విభాగం చిహ్నం, అసలు పేరు వద్దు. ఆర్మీ దుస్తులకు వేరే సెక్షనే ఉంది, 168. వాటి జోలికే పోవద్దు.

నా మాట వింటే ఆ చివరి షాటును ప్రహరీ లోపలో, మేడ మీదో, గదిలోనో తీయండి. రోడ్డు మీదే కావాలంటే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందుగా అర్జీ పెట్టి అనుమతి తీసుకోండి. అర్జీలో తేదీ, సమయం, చోటు, ఎంతమంది, బొమ్మ ఆయుధం వాడుతున్నామన్న సంగతి, నటుడు యూనిఫాంలో ఉంటాడన్న సంగతి అన్నీ రాయండి. దానితోపాటు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం జతచేయండి. స్టాంపు వేసిన కాపీలు రెండు ఉండాలి, ఒకటి కెమెరా దగ్గర, రెండోది ఆయుధం పట్టుకునే వ్యక్తి దగ్గర. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు సాయంత్రమే వెళ్లి చెప్పండి. ‘ఇక్కడ షూటింగ్ జరుగుతోంది’ అన్న బోర్డు అందరికీ కనిపించేలా పెట్టండి. మూత మీది నారింజ రంగును చెరపకండి, చీకటి షాటులో అది ఎలాగూ కనపడదు. నిజం కత్తులు అసలే వద్దు. ఇంటి పనికో పొలం పనికో చేసినవి కాకుండా, 9 అంగుళాలకు మించిన పొడవు గానీ 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల పట్టికలోకి వస్తాయి.

మీ సీనులో డబ్బు సూట్‌కేసు లేదు గానీ, థ్రిల్లర్ అనగానే చాలామంది పెడతారు కాబట్టి చెబుతున్నాను. కరెన్సీ నోట్లను కలర్ ప్రింట్లు తీయకండి. నోటును పోలిన కాగితం తయారుచేయడమే సంహితలోని సెక్షన్ 182 కింద నేరం, ఎవరినీ మోసం చేయకపోయినా సరే. కట్టకు పైన ఒక అసలు నోటు, కింద తెల్ల కాగితాలు పెట్టుకోండి. అలాగే రోడ్డు మీద తిరిగే బండికి ఉత్తుత్తి నంబరు ప్లేటు బిగించకండి. తెరపై ఫోన్ నంబరు చూపించాల్సి వస్తే మీలో ఒకరిదే చూపించండి. ఊరికే పది అంకెలు వేస్తే అది ఎవరిదో అయి ఉంటుంది.

ప్రైవేటు భవనమైతే యజమాని రాతపూర్వక అనుమతి చాలు. రైల్వే స్టేషన్, విమానాశ్రయం అనుమతి లేకుండా కుదరదు. డ్రోన్ షాట్ ఉంటే 2021 డ్రోన్ నిబంధనలు చూసుకోండి, 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు గానీ రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లను నిషేధించిన ప్రాంతంలో, అదీ ఎగరకూడదు.

నటించే అమ్మాయి సంగతి. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే, అప్పట్లో మన కేసులకు చివరి కోర్టైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది, ఇప్పటికీ అదే న్యాయం. ఆమె ఒక్కతే పెట్టిన సంతకం మీకు రక్షణ ఇవ్వదు. తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. కాగితంలో సీను ఏమిటో దాచకుండా రాయండి: వెంటపడటం ఉంది, అరుపు ఉంది, రాత్రి ఎన్ని గంటల దాకా, ఎక్కడెక్కడ ప్రదర్శిస్తాం అని. రాత్రి షూటింగ్ దగ్గర ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. ఇది చట్టం కోసమే చెప్పడం లేదు. భయం నటించేటప్పుడు నిజం భయం ఎప్పుడు మొదలవుతుందో పక్కన ఉన్న అమ్మకు అర్థమైనంతగా డైరెక్టర్‌కు అర్థం కాదు.

యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం బహిరంగ ప్రదర్శన గురించి చెబుతుంది. ఫెస్టివల్స్‌కు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉంది. నిర్వాహకులు అది తీసుకున్నారో లేదో ఎంట్రీ పంపే ముందే అడగండి.

చివరిగా మీ మిత్రుడు. కోపం పక్కన పెట్టి చదవండి, అతని మాటలో సగం నిజం ఉంది.

స్క్రిప్టు కాగితం మీదకి వచ్చిన క్షణం నుంచి దాని హక్కు రాసినవాడిదే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అతను మీ దగ్గర ఉద్యోగి కాదు, మీరు డబ్బిచ్చి రాయించుకోలేదు. గ్రూపు వదిలేసినంత మాత్రాన హక్కు మీకు రాదు. కానీ ఆ హక్కు ఎంతవరకు? 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుంది. తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారని ఒక రచయిత వేసిన కేసు అది. రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది దానికి నకలే అన్న అభిప్రాయం తప్పక కలుగుతుందా అన్నది కోర్టు పెట్టుకున్న కొలత. ఆ కొలతకు నిలవక రచయిత ఓడిపోయాడు.

మీకు వర్తింపజేస్తే: రాత్రి, ఒంటరి అమ్మాయి, ముసుగు మనిషి, ఇవి మీ మిత్రుడివి కావు, ఎవరివీ కావు. అతను రాసిన సంభాషణలు, సీన్లను పేర్చిన వరుస, అమ్మాయి చేతిలో పెట్టిన ఫలానా వస్తువు, దాన్ని చివర్లో తిప్పిన తీరు అతనివి. అతను ఒప్పుకోకపోతే ఆ కాగితాలు మూసేసి, మిగిలిన మీ ముగ్గురూ కొత్తగా రాసుకోండి. పాత ఫైలు తెరిచి మాటలు మార్చడం కొత్తగా రాయడం కాదు. రాసిన ప్రతి డ్రాఫ్టునూ తేదీతో ఎవరి మెయిల్‌కు వాళ్లు పంపుకోండి.

కానీ ముందు ఒకసారి అతనితో కూర్చోండి. ఇలాంటి తగాదాల్లో రాసినవాడికి కావలసింది చాలాసార్లు టైటిల్స్‌లో పేరే. అది అడగడం అతని హక్కు కూడా, సెక్షన్ 57 ఇస్తుంది. ఒప్పుకుంటే ఒక కాగితం మీద ఇలా రాయండి: ‘ఈ స్క్రిప్టు నేను రాశాను. దీనితో ఈ ముగ్గురూ ఒక లఘుచిత్రం తీసి, కాలేజీలో, ఆన్‌లైన్‌లో, ఫెస్టివల్స్‌లో ప్రపంచంలో ఎక్కడైనా, కాపీరైట్ ఉన్నంత కాలం ప్రదర్శించుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. రచన: అని నా పేరు వేయాలి.’ కాలం, ప్రాంతం తప్పనిసరిగా రాయాలి. రాయకపోతే చట్టం అయిదేళ్లు, భారతదేశం వరకే అని అనుకుంటుంది.

అదే కాగితం అడుగున మీ ముగ్గురి మధ్య ఒప్పందం కూడా రాయండి. చట్టం దృష్టిలో సినిమాకు యజమాని నిర్మాత, అంటే చొరవ తీసుకుని బాధ్యత మోసినవారు. మీ విషయంలో అది ఒక్కరా, ముగ్గురా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. కాలేజీ ప్రాజెక్టు ఫారంలో హక్కులు సంస్థవే అన్న వాక్యం ఏమైనా ఉందేమో కూడా చూడండి. ఉంటే అప్‌లోడ్ చేసే ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి. సంతకాలన్నీ అయ్యాకే షూటింగ్ తేదీ పెట్టుకోండి.