బయల్దేరడానికి ఆరు వారాలే ఉంది, విరాళాలు సగం కూడా రాలేదు. ఇప్పుడు దేని మీద దృష్టి పెట్టాలి?

దక్షిణ ధ్రువానికి ‘చివరి డిగ్రీ’ యాత్ర చేస్తున్నానని, సేవాసంస్థ కోసం పెట్టుకున్న లక్ష్యం ఇంకా దూరంగానే ఉందని రాశారు. మిగిలిన రోజుల్ని డబ్బు కోసం వాడాలా, తయారీ కోసం వాడాలా అన్నది మీ ప్రశ్న. నేనూ అదే నడక నడిచాను. 89 డిగ్రీల దక్షిణ అక్షాంశం నుంచి ధ్రువం ఉన్న 90 దాకా 111 కిలోమీటర్లు, చిన్నపిల్లల క్యాన్సర్ వైద్యానికి నిధులు పోగుచేస్తూ. ఆరు వారాల ముందు నా పరిస్థితీ ఇదే. అర్ధరాత్రి లేచి విరాళాల పేజీ చూసుకునేదాన్ని. అందుకే గట్టిగా చెబుతున్నాను: డబ్బు అడిగే పని ఈ వారంలోనే మీరు నమ్మే మనిషికి అప్పగించెయ్యండి.

ఆ పని వదిలెయ్యమని కాదు. మీరు విమానం ఎక్కే రోజుతో విరాళాలు ఆగిపోవు. నాకు వచ్చినదాంట్లో ఎక్కువ భాగం నేను మంచు మీద ఉన్నప్పుడు, తిరిగొచ్చిన తర్వాతి నెలలో వచ్చింది. వెళ్తున్నానంటే ‘చూద్దాంలే’ అన్నవాళ్లే, నడుస్తున్నానని తెలిశాక ఇచ్చారు. రోజూ సాయంత్రం గుడారంలోంచి శాటిలైట్ ఫోన్‌లో నేను చెప్పిన నాలుగు మాటల్ని నా స్నేహితురాలు రాసి అందరికీ పంపేది. కాబట్టి పేజీని తిరిగొచ్చాక కూడా కనీసం రెండు నెలలు తెరిచే ఉంచండి.

అప్పగించే ముందు మీరే చెయ్యాల్సిన పని ఒకటుంది. నాకు చదువు చెప్పిన మాస్టారు ఫోన్ చేసి, ‘అమ్మా, నేనిచ్చేది పిల్లల మందులకా, నీ టికెట్టుకా?’ అని అడిగారు. నా ఖర్చంతా నేను దాచుకున్న డబ్బుతోనే పెట్టుకున్నాను, కానీ ఆ మాట పేజీలో ఎక్కడా రాయలేదు. ఆయన అడిగేదాకా నాకు తట్టనే లేదు. ఆ రాత్రే మొదటి వాక్యంగా అది రాసి పెట్టాను. మనసులో అదే అనుమానం పెట్టుకుని అడగలేక ఊరుకున్నవాళ్లు ఎంతమందో ఆ తర్వాతే తెలిసింది. యాత్ర ఖర్చుకు ఒక ఖాతా, సేవాసంస్థకు ఒక ఖాతా. మీ ఖర్చుకు స్పాన్సర్ ఉంటే అదీ విడిగా చెప్పెయ్యండి.

ఈ ఆరు వారాల్లో కొత్త కంపెనీల చుట్టూ తిరగకండి, అంత తక్కువ టైములో వాళ్ల నిర్ణయాలు తేలవు. ఇచ్చేవాళ్లకి కంటికి కనబడేది ఏదైనా ఒకటి చూపించండి. 1914లో అంటార్కిటికాకు బయల్దేరిన యాత్రికుడు షాకిల్టన్ తన ఓడలోని పడవలకు డబ్బిచ్చిన పెద్దల పేర్లే పెట్టాడు. అంతకుముందు దక్షిణ ధ్రువానికి వెళ్లిన స్కాట్ చివరి యాత్రకు బడిపిల్లలు చందాలు వేసుకుని గుర్రాలకీ, స్లీపింగ్ బ్యాగులకీ డబ్బు పంపారు. నేను కిలోమీటరుకొకరు చొప్పున 111 పేర్లు ఒక గుడ్డ మీద రాసి, మంచు మీద సామాను లాక్కెళ్లే స్లెడ్జి మూత లోపలివైపు కుట్టించుకున్నాను. పొద్దున్నే మూత తీసినప్పుడల్లా ఆ పేర్లు కనబడేవి.

ఇక తయారీ. నన్నడిగితే ఈ దశలో కండబలం కన్నా చేతివేళ్ల సంగతే ముఖ్యం. డిసెంబరు, జనవరి అంటే అక్కడ ఎండాకాలం, అయినా మైనస్ 25, మైనస్ 30 డిగ్రీలుంటుంది. గాలి వీస్తే ఇంకా ఘోరం. గ్లవ్స్ తీసి చేసే ప్రతి పనికీ వేళ్లు మూల్యం చెల్లిస్తాయి. జాకెట్, గుడారం, సంచులు, దేనికి జిప్ ఉన్నా దానికి జానెడు తాడు ముడెయ్యండి, మందపాటి గ్లవ్స్‌తోనే పట్టుకుని లాగేలా. స్టవ్ విప్పడం, బిగించడం కూడా అవే గ్లవ్స్‌తో, చీకట్లో ప్రాక్టీస్ చెయ్యండి. అలా చేస్తుంటేనే నా స్టవ్ పంపులో వాషరు పగిలిందని బయటపడింది. అక్కడ స్టవ్ వెలగలేదంటే మంచు కరగదు, తాగడానికి నీళ్లుండవు. కొత్త వాషరు వేసి, మరో రెండు విడిగా పెట్టుకున్నాను.

తిండి రేపర్లన్నీ ఇంట్లోనే తీసేసి, ఏ రోజుది ఆ రోజు ఒక్కో సంచిలో కట్టుకోండి. చాక్లెట్‌ను ముందే చిన్న ముక్కలు చేసుకోండి, గడ్డకట్టిన బారు కొరికితే పన్ను విరుగుతుంది. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడే 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అక్కడ చెత్త వదలడానికి వీల్లేదు, తీసుకెళ్లిన ప్రతి రేపరూ మీరే మోసుకు రావాలి.

స్లెడ్జి లాగడం అలవాటు కావడానికి చేసే టైరు లాగే శిక్షణ ఆఖరి రెండు వారాల్లో బాగా తగ్గించెయ్యండి. టెన్షన్‌లో నేను ఎక్కువ లాగి నడుం పట్టేసుకున్నాను, పది రోజులు పోయాయి. ఆ రోజులు నిద్రకు పెట్టుంటే బావుండేది. విమానం మిమ్మల్ని నేరుగా ఎత్తయిన మంచు పీఠభూమి మీద దింపుతుంది. ధ్రువం 2,835 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం ఇంకా ఎత్తులో ఉన్నట్టే తక్కువగా ఉంటుంది. మొదటి రెండు రోజులు తలనొప్పి, ఆయాసం సహజం. నెమ్మదిగా, చెమట పట్టకుండా నడవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. చెమటతో తడిసిన బట్ట ఆగిన నిమిషంలోనే చల్లబడిపోతుంది.

సెలవు మాత్రం వారం ఎక్కువే పెట్టుకోండి. ధ్రువం వైపు వెళ్లే ముందు అంటార్కిటికాలో మొదట దిగే శిబిరం యూనియన్ గ్లేసియర్. అక్కడ విమానం దిగేది నీలి మంచు, అంటే గట్టి నున్నని మంచు మీద, గాలి అనుకూలించకపోతే రోజుల తరబడి ఎదురుచూడాలి. ఇన్సూరెన్స్ ఆ అదనపు రోజులకీ, అక్కడి నుంచి అత్యవసరంగా తరలించడానికీ వర్తిస్తుందో లేదో కాగితంలో చదివి చూసుకోండి.

ఇంకొకటి, దీన్ని వాయిదా వెయ్యకండి. రేపే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత ఫిల్లింగ్ వదులుగా ఉంటే ఆ చలికి ఊడొస్తుంది, మా జట్టులో ఒకతనికి మూడోరోజే అలా అయింది. చికిత్స చేయించుకుని నొప్పి తగ్గడానికి మీకు ఆరు వారాలు సరిగ్గా సరిపోతాయి.