టెస్టులో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా, అయినా రీఫ్ ట్యాంకులో నాచు ఎందుకు?

ముందు ఒక్క మాట చెప్పండి, ఆవిరైన నీటి స్థానంలో ఏ నీళ్లు పోస్తున్నారు? 70 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోయాలు, మష్రూములు (రెండూ మెత్తటి కోరల్స్, అంటే పగడపు జీవులు), కిట్‌లో నైట్రేటూ ఫాస్ఫేటూ సున్నా, అయినా రాళ్ల మీద పచ్చటి నాచు జుట్టులా పెరుగుతోంది, ఇసుక మీద గోధుమరంగు జిగురు పడుతోంది, షాపువాళ్లేమో ఫాస్ఫేట్ తీసే గుళికలు ఇంకొంచెం వేయమన్నారు అని రాశారు. అన్నీ ఉన్నాయి గానీ ఆ నీళ్ల సంగతి మాత్రం లేదు.

కిట్ సున్నా చూపించినంత మాత్రాన ట్యాంకులోకి పోషకాలు రావట్లేదని కాదండి. వచ్చినవి వచ్చినట్టే నాచు లాగేసుకుంటోంది, కిట్‌కి కనపడేది నీళ్లలో మిగిలిందే. కాబట్టి ఆ గుళికలు ఇంకా వేయడం కాదు, ఉన్నవి కూడా తీసేయండి. కోరల్స్ కణాల్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచుకి కూడా నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి. నిజంగా సున్నాకి పోతే ముందు దెబ్బ తినేది కోరల్సే: జోయాలు సగం మూసుకునే ఉంటాయి, మష్రూములు పాలిపోయి ముడుచుకుంటాయి. నా ట్యాంకులో నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (దాదాపు లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే రంగులు బాగుంటాయి, నాచు నత్తలకి సరిపడా మాత్రమే పెరుగుతుంది.

ఇక నీళ్లు. హైదరాబాద్‌లో ఎండాకాలం, ఏసీ లేని గదిలో, వేడి తగ్గడానికి నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే ఇంత ట్యాంకు రోజుకి రెండు లీటర్లు సులువుగా తాగేస్తుంది. నెలకి 60 లీటర్లు. ఆవిరయ్యేది ఒట్టి నీరే, అందులో ఉన్నదంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. మీరు పోసే నీళ్లలో లీటరుకి 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందనుకోండి, నెలలో 600 మిల్లీగ్రాములు చేరినట్టు, అంటే చేపకి ఒక్క మెతుకు వేయకుండానే 8 పీపీఎం పైన! బోరు నీళ్లలో అంతకన్నా ఎక్కువ ఉండటం మామూలే. "మాది ఆర్‌ఓ కదా" అంటారేమో, వంటింటి ఆర్‌ఓల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, అది శుద్ధి అయిన నీటిలో మళ్లీ కొంచెం మామూలు నీళ్లు కలుపుతుంది. తాగడానికి మంచిదే, రీఫ్‌కి కాదు. 20 లీటర్ల క్యాన్ నీళ్లయితే ఏ రోజు ఎంత టీడీఎస్ ఉంటుందో చెప్పలేం. టీడీఎస్ మీటర్ పెద్ద ఖరీదేం కాదు, కొనండి. ఆర్‌ఓ మెంబ్రేన్ తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ ఒకటి తగిలించి, మీటర్ 0 చూపించిన నీళ్లే టాప్ అప్‌కీ (ఆవిరైనంత తిరిగి పోయడానికి), ఉప్పు కలపడానికీ వాడండి. నాచు మందు సీసాలకి పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

తర్వాత తిండి. పొడి మేత ఒక గ్రాములో 45 శాతం ప్రోటీన్ ఉంటే, అదంతా చివరికి నైట్రేట్‌గా మారిందనుకుంటే, 70 లీటర్లలో సుమారు 4.5 పీపీఎం. అందులో ఒక శాతం ఫాస్ఫరస్ ఉంటే ఫాస్ఫేట్ 0.4 పైనే. నైట్రేట్‌ని రాళ్ల లోపల గాలి ఆడని చోట ఉండే బ్యాక్టీరియా కొంత నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది, ఫాస్ఫేట్‌కి ఆ దారి లేదు, రాళ్లకి పట్టుకుని కూర్చుంటుంది. నీళ్లలో తగ్గగానే రాయి మెల్లగా వదులుతుంది, అందుకే నీళ్లు శుభ్రంగా ఉన్నా రాయి మీద నాచు వారాల తరబడి పోదు. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. అలాగని చేపల్ని పస్తులు పెట్టకండి. రెండు నిమిషాల్లో తినేంత వేయండి, ఫ్రోజెన్ మేతయితే టీ వడపోతలో కడిగి ఆ నీళ్లు పారబోయండి. వారానికి 10–15 శాతం నీళ్లు మార్చండి, కానీ దాన్నే నమ్ముకోకండి: 15 శాతం మారిస్తే 40 పీపీఎం నైట్రేట్ 34 అవుతుంది, అంతే.

ఆ గోధుమరంగు జిగురు మాత్రం నాకు అనుమానంగా ఉంది. పొడిలా పరుచుకుని, చెయ్యి ఆడిస్తే లేచిపోతే డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, కొత్త ట్యాంకుల్లో మామూలే. ముక్కు చీమిడిలా తీగలు సాగి, గాలి బుడగలు పట్టి, రాత్రి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంటే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు, పొట్టిగా డైనోలు. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు: కొంచెం ట్యాంకు నీళ్లతో సహా సీసాలోకి తీసి గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, కిందికి దిగిన నీటిని లైటు కింద గంటసేపు ఉంచండి. మళ్లీ జిగురు ముద్దగా కలుసుకుంటే దాదాపు డైనోలే. అవి ఎక్కువగా సున్నా పోషకాల ట్యాంకుల్లోనే చెలరేగుతాయి, అంటే షాపువాళ్ల సలహా పాటిస్తే ఇంకా పెరుగుతాయి. కొన్ని రకాలు విషం, వాటిని తిన్న నత్తలు చచ్చిపోతాయి. డైనోలని తేలితే నీళ్లు మార్చడం కొన్నాళ్లు ఆపి, మేత కాస్త పెంచి, కిట్‌లో అంకె కనపడేదాకా ఆగండి.

జుట్టు నాచుకి మాత్రం చేత్తో పీకడమే మందు. రాయి బయటికి తీయగలిగితే పాత టూత్‌బ్రష్‌తో, నీళ్లు మార్చేటప్పుడు తీసిన నీటి బకెట్‌లో రుద్దండి. మొండిగా ఉన్నచోట హైడ్రోజన్ పెరాక్సైడ్ అద్ది, రెండు నిమిషాలాగి కడిగేయండి. మెడికల్ షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం, సమానంగా శుద్ధ నీరు కలపాలి, జోయాలకి తగలకూడదు. పీకిన తర్వాత రెండు మూడు ట్రోకస్ నత్తలు వేయండి. పొడుగ్గా పెరిగిన నాచుని అవి ముట్టవు, చిగుళ్లు మాత్రం నున్నగా గీకేస్తాయి.

హార్డ్ కోరల్స్ (రాయిలాంటి గట్టి అస్థిపంజరం ఉండేవి) గురించి కూడా అడిగారు. అవి మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1 కిందికి వస్తాయి, వాటి జోలికి పోకండి.

టాప్ అప్ నీటి టీడీఎస్, లైటు రోజుకి ఎన్ని గంటలు, కిటికీ ఎండ పడుతుందా, ఈ మూడూ రాయండి. నీలం లైటు ఆపి, తెల్ల లైటులో ఇసుక ఫొటో ఒకటి పెడితే అది డైనోనో కాదో ఇంకొంచెం నమ్మకంగా చెప్తాను.