జీన్ నీరసించలేదు, గింజే విడిపోయింది

ప్రశ్న: సార్, నాలుగెకరాల నల్లరేగడిలో పత్తి పెట్టాను. జూన్ మూడో వారంలో విత్తాం. రెండున్నర ఎకరాల్లో కంపెనీ బీజీ-2 రకం బీటీ పత్తి సంచులు వేశాను. మిగతా ఎకరంన్నరలో, నిరుడు అదే రకం బాగా కాసిందని ఆ పత్తి గింజే జిన్నింగు మిల్లు నుంచి తెచ్చి, పేడలో రుద్ది పెట్టాను. సొంత గింజ చేను ఎగుడుదిగుడుగా ఉంది. ఒక మొక్క నడుం దాటితే పక్కది మోకాలు దాటలేదు. కాయ కోసి చూస్తే రెండు చేలలోనూ గులాబీ పురుగు కనిపిస్తోంది. ఆకులు కూడా ఎర్రబడుతున్నాయి. యూరియా తక్కువై బీటీ జీన్ నీరసించిందని నా అనుమానం. దుకాణంలో జీన్‌కు బలం ఇచ్చే పొడి ఒకటి, దానితో రెండు పురుగు మందులు కలిపి కొట్టమన్నారు. ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదివే మా అమ్మాయేమో నాలుగు మొక్కల్లో ఒకదానికి బీటీ ఉండదని లెక్క వేసింది. నిజమేనా? వచ్చే ఏడాదికి గడ్డి మందు తట్టుకునే పత్తి గింజ ఇస్తామని ఒకాయన ఊళ్లో తిరుగుతున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ముందు ఆ పొడి డబ్బా తిరిగి ఇచ్చేసి డబ్బులు తెచ్చుకోండి. జీన్‌కు బలం ఇచ్చే మందు ఏ దేశంలోనూ లేదు. టానిక్ తాగించి మనిషి బ్లడ్ గ్రూపు మార్చగలమా? ఇదీ అంతే. జీన్ అన్నా జన్యువు అన్నా ఒకటే, మొక్క ప్రతి కణంలో ఉండే డీఎన్‌ఏలో ఒక ముక్క. బీటీ జన్యువు కాయ తొలిచే పురుగును చంపే ప్రొటీన్‌ను మొక్క చేతే తయారు చేయిస్తుంది. గింజ పడిన నాడు ఎలా ఉందో, చేను పీకే నాడూ అలాగే ఉంటుంది. ఎరువుతో లావెక్కదు, ఎండకు చిక్కిపోదు.

పురుగు ఆగదు కాబట్టి ముందు మందుల సంగతి. మీ పైరు ఇప్పుడు 105–110 రోజుల మీద ఉంది. ఎకరానికి 20 పచ్చి కాయలు, అదీ పూత రాలి రెండు వారాలైన లేత కాయలు, చేను నాలుగు మూలల నుంచీ నడిమి నుంచీ కోసుకు రండి. బయటి నుంచి చూసి లాభం లేదు. పిల్ల పురుగు దూరిన రంధ్రం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. కాయ చీల్చి లోపలి గోడ చూడండి. నున్నగా ఉండాల్సిన చోట చిన్న చిన్న బొబ్బలు, సన్నటి సొరంగం గీతలు ఉంటే పురుగు దూరినట్టే. ఇరవైలో రెండు కాయలు అలా ఉంటే మందు కొట్టాలి, ఒక్కటే ఉంటే ఆగండి. పూతలో గుడ్డిపూలు (విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు) నూటికి పది దాటినా, ఆడ పురుగు వాసన ఎరగా పెట్టే లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడినా అదే లెక్క.

కొట్టాల్సింది ఒకే మందు. థయోడికార్బ్ 75 శాతం పొడి లీటరు నీటికి 1.5 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లంటే 300 గ్రాములు. పది రోజులాగి మళ్లీ కాయలు కోసి చూసి, అవసరమైతేనే ప్రొఫెనోఫాస్ 50 ఇసి లీటరుకు 2 మి.లీ. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఇప్పుడు ముట్టుకోకండి, తెల్లదోమ విరుచుకుపడుతుంది. 120 రోజులు దాటాక ఇంకా పురుగుంటే మాత్రం ఆ పైరిత్రాయిడ్లలోదే లాంబ్డా సైహలోత్రిన్ 5 ఇసి లీటరుకు 1 మి.లీ. ఒక్కసారి కొట్టండి, చాలు. బుట్టలు ఎకరానికి 8 పెట్టి, 25–30 రోజులకోసారి ఎర మార్చండి.

రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపే అలవాటు మీ జిల్లాకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, పక్కనే మహారాష్ట్రలోని యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు విషం సోకి చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దుకాణం వాళ్లు చీటీ మీద రాసిస్తారు, పీల్చేది మీరు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా చేలో దిగకండి. గాలికి ఎదురు నిలబడి కొట్టకండి.

ఆకు ఎర్రబడటానికీ బీటీకీ సంబంధం లేదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే అది మెగ్నీషియం లోపం. మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 10 గ్రాములు, వారం పది రోజుల తేడాతో రెండు సార్లు పిచికారీ చేయండి. అంచులు కిందికి ముడుచుకుని ఎర్రబడితే పచ్చదోమ, ఆకు తిప్పి చూడండి. బీటీ ప్రొటీన్ కాయ తొలిచే పురుగులకే గానీ రసం పీల్చే పురుగులకు పని చేయదు.

ఇక అసలు విషయం. మీ అమ్మాయి దారి సరైనదే, కానీ లెక్క సగంలో ఆగింది.

మీరు సంచిలో కొన్నది ఎఫ్1 హైబ్రిడ్. అంటే రెండు వేరు వేరు రకాలను చేతితో సంకరం చేసి తీసిన మొదటి తరం గింజ. చాలా హైబ్రిడ్లలో ఆ రెంటిలో ఒకదానికే బీటీ జన్యువు ఉంటుంది. కాబట్టి సంచిలోని బీటీ మొక్కకు ప్రతి జన్యువు జతలో ఒక పక్క బీటీ, ఒక పక్క ఖాళీ. ఒక్క బీటీ ఉన్నా ప్రొటీన్ తయారవుతుంది కాబట్టి చేనంతా ఒకేలా కనిపిస్తుంది. ఆ మొక్క తన పుప్పొడితో తనే కాయ కట్టినప్పుడు జతలు విడిపోయి మళ్లీ కలుస్తాయి. అదే ఎఫ్2, అదే మీరు పేడలో రుద్ది పెట్టిన గింజ. ఒకే జన్యువైతే మెండెల్ అనే శాస్త్రవేత్త బఠాణీల్లో చూపిన 3:1 వస్తుంది, అంటే మూడింటికి బీటీ ఉండి ఒకదానికి ఉండదు. అమ్మాయి వేసిన లెక్క ఇదే.

కానీ బీజీ-2లో జన్యువులు రెండు: క్రై1ఏసీ, క్రై2ఏబీ. ఇవి వేరు వేరు చోట్ల ఉండి దేనికది విడిపోతాయి. అందుకని లెక్క 9:3:3:1. పదహారు మొక్కల్లో తొమ్మిదింటికి రెండూ, ఆరింటికి ఏదో ఒకటి, ఒకదానికి ఏదీ ఉండదు. ఎకరానికి 5,000 మొక్కలనుకుంటే మీ ఎకరంన్నరలో దాదాపు 470 మొక్కలు ఉత్త పత్తి, 2,800 మొక్కలు సగం బీటీ. ఎత్తు, కాయ సైజు, పూత కాలం, దోమను తట్టుకునే గుణం, అన్నీ ఇలాగే విడిపోతాయి. నడుం ఎత్తు మొక్క పక్కన మోకాలి ఎత్తు మొక్క అందుకే వచ్చింది. దానికి యూరియా పోస్తే పొడుగు మొక్క ఇంకా పొడుగవుతుంది.

పైగా మీరు గింజ తెచ్చింది జిన్నింగు మిల్లు నుంచి. అక్కడ పది ఊళ్ల పత్తి ఒకే కుప్పగా పడుతుంది. అది మీ చేను గింజేనని ఎలా నమ్మారు?

సొంత గింజ పెట్టుకోవడం తప్పు కాదు. సూటి రకమైతే, అంటే హైబ్రిడ్ కానిదైతే, నేనే పెట్టుకోమంటాను. కంది, శనగ, పెసరలో మంచి చేను చూసి మొక్కలు ఏరి గింజ దాచుకునే రైతులున్నారు, వాళ్లకు దండం పెడతాను. హైబ్రిడ్ గింజ దాచడం మాత్రం డబ్బు మిగల్చదు, చేను పాడు చేస్తుంది. ఏటా మే నెలలో ఇదే చెబుతున్నాను, ఏటా అక్టోబరులో ఇదే ప్రశ్న వస్తోంది.

మరి కంపెనీ గింజ వేసిన రెండున్నర ఎకరాల్లో పురుగెందుకు వచ్చిందంటారా? అమ్మాయి పుస్తకానికి ఇది పనికొస్తుంది, ఆమెకు చదివి వినిపించండి.

సంచి గింజ నుంచి వచ్చిన బీటీ మొక్క ఆకులన్నిటిలో రెండు ప్రొటీన్లూ ఉంటాయి, నిజమే. కానీ కాయలోని గింజ అప్పటికే తర్వాతి తరం. అంటే 9:3:3:1 విడిపోవడం వచ్చే ఏడు కాదు, ఈ ఏడే, ప్రతి కాయ లోపలే జరుగుతుంది. కాయలో 32 గింజలుంటే సగటున రెండింటికి ఏ బీటీ లేదు, పన్నెండింటికి ఒక్కటే ఉంది. శనగపచ్చ పురుగు ఆకు, గూడ, పూత కూడా తింటుంది కాబట్టి ప్రొటీన్ మోతాదు దానికి అందుతుంది. గులాబీ పురుగు బతికేది గింజ మీద. కాయలో దూరి, బీటీ లేని గింజ ఒకటి దొరికితే అక్కడ బలపడి, పక్క గింజలోకి పోతుంది. కొద్ది మోతాదు విషానికి రోజూ అలవాటు పడే పురుగుకు ఇంతకన్నా మంచి బడి లేదు. దీనికి తోడు 100–110 రోజులు దాటాక మొక్కలో బీటీ ప్రొటీన్ మోతాదు కూడా తగ్గుతుంది. బెట్ట, నత్రజని కొరత ఉంటే మరింత తగ్గుతుంది. దుకాణం మాటలో నిజమన్నది ఉంటే ఈ ఒక్క ముక్కే. తగ్గేది ప్రొటీన్, జీన్ కాదు. దాన్ని ఏ పొడీ పెంచదు.

ఈ ప్రొటీన్ పని చేసే తీరు చూస్తే పురుగు ఎలా తప్పించుకుందో తెలుస్తుంది. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి ఆ జన్యువును తీసుకున్నారు. ఆగ్రోబాక్టీరియం అనే మరో బాక్టీరియాకు తన డీఎన్‌ఏ ముక్కను మొక్క కణంలోకి పంపే గుణం సహజంగానే ఉంది. దాని ద్వారా కోకర్ 312 అనే అమెరికా పత్తిలోకి క్రై1ఏసీని ఎక్కించారు. అక్కడి నుంచి మామూలు సంకరంతోనే మన రకాల్లోకి తెచ్చారు. పురుగు తిన్నప్పుడు క్షార గుణం ఉన్న దాని పేగులో ప్రొటీన్ కరిగి, పేగు గోడ మీద దాన్ని పట్టుకునే చోటుకు, అంటే గ్రాహకానికి, అంటుకుని రంధ్రం చేస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, ఆ గ్రాహకాలు ఉండవు. ఇప్పుడు పురుగులో ఆ గ్రాహకాన్ని తయారు చేసే జన్యువే మారిపోయిందనుకోండి, ప్రొటీన్ అంటుకోవడానికి చోటు లేదు. జరిగింది అదే.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో, బీజీ-2 వచ్చింది 2006లో. గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి జన్యువును తట్టుకుంటోందని 2010లో ఆ జన్యువును తెచ్చిన మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. 2015 నాటికి రెండో దానికీ లొంగలేదు. తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర, అంతటా ఇదే వరస. కాబట్టి మీ మంచి చేలో పురుగు కనిపించినంత మాత్రాన అది నకిలీ విత్తనమని గింజ అమ్మిన కంపెనీ మీద దావా వేయడానికి పోకండి. అనుమానముంటే స్ట్రిప్ పరీక్ష చేయించండి. ఆకు ముక్క నలిపి పట్టీ ముంచితే పది నిమిషాల్లో ప్రొటీన్ ఉందో లేదో తేలిపోతుంది. వేర్వేరు మొక్కల ఆకులు తీసుకుపోండి, ఒక్క ఆకుతో ఏమీ తేలదు. సంచిలో కావాలనే కొంత నాన్ బీటీ గింజ కలుపుతారని కూడా గుర్తుంచుకోండి.

ఆ నాన్ బీటీ గింజ కథ వేరే చెప్పాలి. ఒకప్పుడు 450 గ్రాముల బీటీ సంచితో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు, చేను చుట్టూ పెట్టమని. ఎంతమంది పెట్టారు? పురుగు తింటుందని తెలిసీ పెట్టడమేమిటని పారేశారు, గట్ల మీద పడేశారు. పురుగులో తట్టుకునే గుణం సాధారణంగా అంతర్గతం. అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. నాన్ బీటీ వరసల్లో బతికిన మామూలు రెక్కల పురుగు, తట్టుకునే దానితో జతకడితే పిల్లలు బీటీ తిని చచ్చేవి. ఆ అవకాశం మనమే పోగొట్టుకున్నాం. శనగపచ్చ పురుగుకైతే కంది, శనగ, మిర్చి ఉన్నాయి, దాని మామూలు సంతానం అక్కడ మిగులుతుంది. గులాబీ పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. అమెరికాలో బీటీ పత్తితో పాటు సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను వదిలి, నేల దున్ని, 2018లో ఈ పురుగును పూర్తిగా తుడిచేశామని ప్రకటించారు. అదే జన్యువు, అదే పురుగు.

పత్తి తప్ప తిండి లేదన్నదే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆయుధం. డిసెంబరు చివరికల్లా పంట ముగించండి. ధర పెరిగిందని నీళ్లు పెట్టి మార్చి దాకా సాగదీయకండి. చివరి ఏరుడు కాగానే గొర్రెలను, మేకలను తోలి మిగిలిన కాయలు తినిపించండి. మందు కొట్టి ఉంటే మాత్రం కొన్నాళ్లు ఆగి తోలండి. తర్వాత కట్టెను రోటోష్రెడరుతో ముక్కలు చేసి దున్నేయండి. పొయ్యిలోకని గట్టు మీద కుప్ప వేశారంటే, జంట గింజల మధ్య గూడు కట్టుకుని పడుకున్న పురుగు జూన్ వానకు లేచి మీ చేలోకే వస్తుంది. అమ్మకుండా ఇంట్లో నిల్వ పెట్టిన పత్తి కుప్పకు కూడా ఇదే వర్తిస్తుంది. మీ సొంత గింజ ఎకరంన్నరను నవంబరులోనే ఏరి తీసేసి శనగ వేసుకోండి. తడి ఉంటే ఒక మాదిరి పంట వస్తుంది.

గడ్డి మందు తట్టుకునే గింజ సంగతి. దాన్ని హెచ్‌టీ పత్తి అంటారు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు మొక్కలో ఒక ఎంజైమును ఆపి చంపుతుంది, ఆ మందుకు లొంగని ఎంజైము జన్యువును ఇందులో పెట్టారు. మన దేశంలో దానికి అనుమతి లేదు. అమ్మడం, వేయడం రెండూ పర్యావరణ పరిరక్షణ చట్టానికి విరుద్ధమే. ఊరూరా తిరిగి అమ్మే లూజు గింజలో ఆ జన్యువు ఉందో లేదో, అది ఎఫ్1నో ఎఫ్2నో అమ్మేవాడికే తెలియదు. ఎఫ్2 అయితే మీరు గ్లైఫోసేట్ కొట్టిన రోజు నాలుగో వంతు మొక్కలు గడ్డితో పాటే మాడిపోతాయి. ఈ లెక్క మీ అమ్మాయి వేసిందే, ఇక్కడ జన్యువు ఒక్కటే కాబట్టి 3:1 సరిగ్గా సరిపోతుంది. మొలక రాకపోయినా, పురుగు తిన్నా బిల్లు లేని గింజకు ఏ అధికారీ పరిహారం రాయలేడు. సంచి గింజ కొన్నప్పుడు బిల్లు, లాట్ నంబరున్న లేబులు, గుప్పెడు గింజ పంట ఇంటికి వచ్చేదాకా దాచండి.